"కూసా అన్నాడు" అని ఇంగ్లిష్‌లో రాయొచ్చా?

నిద్రలేని_స్కాలర్ · రాత్రి 11:48

అందరికీ నమస్కారం. పైకి చూస్తే చిన్న సందేహమే, కానీ నాలుగు రోజులుగా నా పనిని ముందుకు కదలనివ్వడం లేదు.

నేను హైదరాబాద్‌లో ఫిలాసఫీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. నా టాపిక్ పదిహేనో శతాబ్దపు జర్మన్ తత్వవేత్త ఒకాయన. జర్మన్‌లో నికొలౌస్ ఫాన్ కూస్ అంటారు, లాటిన్‌లో నికొలావుస్ కుసానుస్, ఇంగ్లిష్‌లో నికొలస్ ఆఫ్ కూసా (Cusa). 1401లో మోసెల్ నది ఒడ్డున కూస్ అనే ఊళ్లో పుట్టాడు, కార్డినల్ అయ్యాడు, 1464లో ఇటలీలోని తోడిలో పోయాడు. 1453లో తెగెర్న్‌జే మఠం సన్యాసుల కోసం ఆయన దైవదర్శనం మీద ఒక పుస్తకం రాశాడు. దాంతోపాటు ఒక బొమ్మ కూడా పంపాడు. గోడకి తగిలిస్తే ఎటు నించుని చూసినా మనవైపే చూస్తున్నట్టుండే బొమ్మ. ఒక సన్యాసి తూర్పు నుంచి పడమరకి, ఇంకొకడు పడమర నుంచి తూర్పుకి నడవాలి. ఆ చూపు నన్నే వెంబడించిందని ఇద్దరూ అంటారు. అక్కణ్నుంచి మొదలుపెట్టి దేవుడి చూపు దాకా వెళ్తాడు. దాని మీదే ఇంగ్లిష్‌లో పేపర్ రాసి ఒక జర్నల్‌కి పంపాను.

పేపర్ నిండా "కూసా ఇలా అన్నాడు", "కూసా వాదన ప్రకారం" అని రాసుకుంటూ పోయాను. రివ్యూ చేసినవారు మిగతాదంతా బాగానే ఉందని, చివర్లో ఒక్క ముక్క పెట్టారు. కూసా అనేది ఊరు, ఊళ్లు వాదించవు, సరిచేయండి అని.

ముందు నవ్వొచ్చింది, తర్వాత టెన్షన్ పట్టుకుంది. నేను చదివిన ఇంగ్లిష్ వ్యాసాల్లోనే కొందరు కూసా అంటున్నారు, కొందరు కుసానస్ అంటున్నారు, కొందరు ఉత్త నికొలస్ అంటున్నారు. మీరైతే ఏం రాస్తారు?

గోదారిగట్టు · రాత్రి 11:59

ఇంతోటిదానికి నాలుగు రోజులు నిద్ర మానుకున్నారా? విన్చి కూడా ఊరే కదండీ. ఇటలీలో, టస్కనీలో చిన్న ఊరు. లియొనార్డోని ప్రపంచమంతా డావిన్చి డావిన్చి అంటోంది, ఎవరికీ ఏమీ కాలేదు. నలుగురూ అనేదే పేరు. కూసా అనే ఉంచేసి పడుకోండి.

పాత_ప్రూఫ్‌రీడర్ · ఉదయం 6:10

గోదారిగట్టు గారూ, అక్కడే పప్పులో కాలేశారు. డావిన్చి అనేది మామూలు జనం వాడుక. కళాచరిత్ర రాసేవాళ్ల పుస్తకాలు తిరగేయండి, రెండో ప్రస్తావన నుంచీ లియొనార్డో అనే ఉంటుంది. "విన్చివాడైన" అనే ముక్కని పట్టుకుని మనిషిని పిలవడం వాళ్లకి కంట్లో నలుసు.

అమ్మా స్కాలర్, రివ్యూ చేసినాయన చెప్పింది కటువుగా ఉన్నా సబబే. తెలుగులో పెట్టి చూడు. "గుంటూరాయన వచ్చాడు" అంటే ఒక మనిషి వచ్చాడని. "గుంటూరు వచ్చాడు" అంటే ఎవరో గుంటూరికి వచ్చారని. తేడా అంతా ఆ "ఆయన"లో ఉంది. లాటిన్‌లో ఊరిపేరు కూసా. కుసానుస్ అంటే కూసా ఆయన. అందుకే కుసానస్ ఒంటరిగా నిలబడగలదు, కూసా నిలబడలేదు.

థామస్ అక్వైనస్ సంగతీ అంతే. అక్వినో ఊరు, అక్వైనస్ అంటే అక్వినో ఆయన. "అక్వైనస్ అన్నాడు" అని ఎవరైనా రాస్తారు. "అక్వినో అన్నాడు" అని రాసినవాళ్లని నేను చూడలేదు.

గోదారిగట్టు · ఉదయం 7:32

మాస్టారూ, గుంటూరాయన పోలిక అదిరింది, ఒప్పుకుంటున్నా. కానీ ఒక ప్రశ్న. మధ్యయుగపు తత్వవేత్త విలియం ఆఫ్ ఆకమ్ సంగతేమిటి? ఆకమ్ ఇంగ్లండ్‌లో, సర్రేలో ఒక ఊరు. లాటిన్ తోక కూడా లేదు, వట్టి ఊరిపేరే. అయినా "ఆకమ్ అన్నాడు" అని పెద్దపెద్ద ప్రొఫెసర్లే రాస్తారు. ఆకమ్ రేజర్ అని సామెతలా వాడేస్తారు. మరి ఆకమ్ వాదించొచ్చు, కూసా వాదించకూడదా? ఆకమ్‌కి నోరుందీ, కూసాకి లేదూ?

పాత_ప్రూఫ్‌రీడర్ · ఉదయం 7:50

దెబ్బ కొట్టారు. దీనికి వ్యాకరణంలో జవాబు లేదు, అలవాటే జవాబు. ఆకమ్‌కి అచ్చులో మరో పొట్టి పేరు స్థిరపడలేదు. విలియం అంటే ఏ విలియమో తెలీదు. అందుకని ఊరిపేరే మనిషి మీద ఎక్కి కూర్చుంది. మన నికొలస్‌కి ఆ గతి పట్టలేదు, ఎందుకంటే కుసానుస్ అనే పేరు మొదట్నించీ సిద్ధంగా ఉంది.

ఇంకో సంగతి. ఇంగ్లిష్‌లో ఈ పేరు నిన్నగాక మొన్న వచ్చింది కాదు. స్కాలర్ పేపర్ రాసిన ఆ పుస్తకమే 1646లో లండన్‌లో ఇంగ్లిష్‌లో అచ్చయింది. దాని మొదటి పేజీ మీద రాసినాయన పేరు ఎలా వేశారో తెలుసా? డాక్టర్ కుసానస్. కార్డినల్ అని కూడా వెయ్యలేదు. అప్పటి లండన్‌లో కార్డినల్ అంటే ఎవరు కొంటారు!

లైబ్రరీ_అక్క · ఉదయం 9:15

ఇరవై ఏళ్లుగా కేటలాగింగ్ చేస్తున్నదాన్ని, నేను రాకుండా ఈ చర్చ ఎలా ముగుస్తుంది?

మధ్యయుగపు మనుషుల్ని మేం ఊరిపేరు కింద పెట్టం, సొంత పేరు కింద పెడతాం. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కేటలాగ్‌లో ఆయన "నికొలస్" దగ్గర ఉంటాడు. నికొలస్, కామా, ఆఫ్ కూసా, కామా, కార్డినల్, కామా, 1401-1464. అంటే ఎన్ అక్షరం. సి కింద వెతికితే ఇటు చూడండి అనే దారి మాత్రమే దొరుకుతుంది.

స్కాలర్ గారూ, నాకు అసలు అనుమానం మీ సాఫ్ట్‌వేర్ మీద. రెఫరెన్సుల జాబితా తయారుచేసే జొటెరో వాడుతున్నారా? అందులో రచయిత పేరుకి రెండు గళ్లుంటాయి, ఇంటిపేరుకి ఒకటి, సొంత పేరుకి ఒకటి. మీరు ఇంటిపేరు గడిలో కూసా, రెండోదాంట్లో నికొలస్ ఆఫ్ అని కొట్టి ఉంటారు. అప్పుడది వాక్యం మధ్యలో బ్రాకెట్లో "కూసా" అని వేస్తుంది, చివరి జాబితాలో సి దగ్గర కూర్చోబెడుతుంది. అది చూసీ చూసీ మీ చేతికి కూడా కూసా అలవాటైపోయి ఉంటుంది. ఆ గళ్ల పక్కనే చిన్న బటన్ ఉంటుంది, నొక్కితే రెండూ కలిసి ఒకే గడి అవుతుంది. అందులో పూర్తి పేరు కొట్టండి.

లేటెక్ అనే టైప్‌సెట్టింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి ఇంకా తమాషా. అందులో రెఫరెన్సులు చూసుకునే బిబ్‌టెక్‌కి చిన్న అక్షరాలతో ఉన్న "ఆఫ్" కనపడగానే జర్మన్ "ఫాన్" లాంటిదేదో అనుకుని, దాని తర్వాతి కూసాని ఇంటిపేరు చేసేస్తుంది. పేరు మొత్తాన్ని ఇంకో జత మీసాల బ్రాకెట్లలో పెడితే గానీ మాట వినదు.

నిద్రలేని_స్కాలర్ · ఉదయం 9:40

అక్కా! ఇప్పుడే తెరిచి చూశాను. ఇంటిపేరు గడిలో కూసా. అక్షరాలా మీరు చెప్పినట్టే. మీకు దండం.

ఎండ్రకాయ · ఉదయం 10:22

నా హ్యాండిల్ చూసి ఇక్కడికి నన్నెవరో పిలిచారనుకున్నా. ఎందుకంటే మీ కార్డినల్‌గారి అసలు ఇంటిపేరు ఇదే.

వాళ్ల నాన్న పేరు యొహాన్, మోసెల్ నదిలో పడవలు నడిపి సరుకు చేరవేసే వ్యాపారి. ఇంటిపేరు పాత రాతల్లో క్రిఫ్ట్స్ అని ఉంటుంది, ఇప్పటి జర్మన్‌లో క్రెబ్స్. అంటే ఎండ్రకాయ. 1416లో కుర్రాడు హైడల్‌బర్గ్ యూనివర్సిటీలో చేరినప్పుడు రిజిస్టర్‌లో ఇంటిపేరుని లాటిన్ చేసి మరీ రాశారు, నికొలావుస్ కాన్‌సెర్ అని. పక్కనే ఊరిపేరు. తర్వాత కార్డినల్ అయ్యాక పెట్టుకున్న చిహ్నంలో కూడా బంగారు రంగు డాలు మీద ఎర్రటి ఎండ్రకాయే. పడవవాడి కొడుకునని ఆయన దాచుకోలేదు.

కాబట్టి "ఇంటిపేరుతో పిలవాలి" అనే నియమం గట్టిగా పాటిస్తే ఇంగ్లిష్‌లో క్రెబ్స్ అన్నాడు అని రాయాలి. క్రెబ్స్ వాదన ప్రకారం దేవుడు అనంతుడు. ఎలా ఉంది?

గోదారిగట్టు · ఉదయం 10:31

మా వైపు పీతల అని ఇంటిపేరున్న వాళ్లున్నారు. పీతల నికొలస్. మా వీధిలో మనిషిలా ఉన్నాడు, పర్లేదు.

ఫ్రాంక్‌ఫర్ట్_బాబాయ్ · మధ్యాహ్నం 1:05

నేను ఆ డాలు కళ్లారా చూశాను. అది ఎండ్రకాయ అనడం కష్టం, తోక పొడుగ్గా ఉంది, పెద్ద మంచినీటి రొయ్యకి ఎండ్రకాయ డెక్కలు తగిలించినట్టుంటుంది. జర్మన్‌లో రెంటికీ క్రెబ్స్ అనే మాటే వాడతారట, మా పక్కింటావిడ చెప్పింది.

ఒక వీకెండ్ కుటుంబంతో మోసెల్ వైపు వెళ్లాం. ఊరిపేరు ఇప్పుడు బెర్న్‌కాస్టెల్-కూస్. నదికి ఒక ఒడ్డున బెర్న్‌కాస్టెల్, ఎదుటి ఒడ్డున కూస్, 1905లో రెంటినీ కలిపేశారు. టూరిస్టులంతా బెర్న్‌కాస్టెల్ వైపు పాత చెక్క ఇళ్ల ముందు ఫోటోలు దిగుతుంటారు. కూస్ వైపు ప్రశాంతంగా ఉంటుంది. వంతెన దగ్గరే ఆయన కట్టించిన ఆశ్రమం. ఏసు బతికిన 33 ఏళ్లకి గుర్తుగా 33 మంది పేద వృద్ధుల కోసం పెట్టాడు. ఇప్పటికీ అది వృద్ధాశ్రమమే. ఖర్చంతా ద్రాక్షతోటల మీద వచ్చే డబ్బుతో మొదలుపెట్టాడట, ఇప్పటికీ ఆ పేరుతో వైన్ అమ్ముతున్నారు. మా ఆవిడ రెండు సీసాలు చాలన్నా నేను నాలుగు కొన్నాను, అది వేరే సంగతి.

లోపల చిన్న ప్రార్థనా మందిరం, నేల మీద ఇత్తడి పలక. ఆయన గుండె దాని కింద ఉంది. ఒళ్లు మాత్రం రోమ్‌లో, సాన్ పియెత్రో ఇన్ విన్కొలి చర్చిలో. మైకెలాంజెలో చెక్కిన మోషే విగ్రహం ఉన్న చర్చి. అందరూ మోషే ముందు గుమిగూడతారు, ఈయన సమాధి ఎడమవైపు గోడకి ఉంటుంది, ఆగి చూసేవాళ్లు తక్కువ.

ఇక అసలు విషయం. సొంత ఊళ్లో ఆయన్ని ఏమంటున్నారో చూద్దామని బోర్డులు గమనించాను. ఆశ్రమం ఉన్న వీధి పేరు కుసానుస్ వీధి. పుట్టిన ఇల్లు కుసానుస్ పుట్టినిల్లు. ఆ ఊరివాళ్లే ఉత్త కూస్ అని మనిషిని పిలవడం లేదండీ. వాళ్లకి కూస్ అంటే బస్సు దిగే చోటు.

పాత_ప్రూఫ్‌రీడర్ · మధ్యాహ్నం 1:40

"బస్సు దిగే చోటు"! ఇది ఆ రివ్యూయర్‌గారికి పంపాలి.

రోమ్ సమాధి మాట వచ్చింది కాబట్టి, అక్కడి రాతి పలక మీద మాత్రం నికొలావుస్ దె కూసా అనే ఉంది. ట్రియర్ ప్రాంతం వాడు, ఫలానా చర్చి కార్డినల్, తోడిలో చనిపోయాడు అని. అంటే నికొలస్ ఆఫ్ కూసా అనేది తర్వాతి వాళ్లు కల్పించిన పేరు కాదు, అప్పటి రాతే. తప్పల్లా ఆ పేరుని మధ్యకి విరిచి వెనకముక్క ఒక్కటే తీసుకోవడం.

నిద్రలేని_స్కాలర్ · మధ్యాహ్నం 2:15

మరి ముందుముక్క తీసుకుంటే? లియొనార్డో అన్నట్టు నికొలస్ అని. నాకు అదే నచ్చుతోంది, మనిషి దగ్గరగా ఉన్నట్టుంటుంది. లైబ్రరీ అక్క కూడా సొంత పేరు కిందే పెడతామన్నారు.

ఇప్పుడే రెండో భాగంలో మార్చి చూశాను. అక్కడ ఇలా తయారైంది: "1448లో నికొలస్ నికొలస్‌ని కార్డినల్‌గా చేశాడు."

ఎందుకంటే అప్పటి పోప్ అయిదో నికొలస్. 1447 నుంచి 1455 దాకా ఆయనే. 1450లో మనవాణ్ని బ్రిక్సెన్‌కి బిషప్‌ని చేసిందీ ఆయనే. 1453లో కాన్‌స్టాంటినోపుల్ పడిపోయినప్పుడూ ఆయనే. నా పేపర్ మొత్తం ఆ పోప్ కాలంలోనే నడుస్తుంది.

లైబ్రరీ_అక్క · మధ్యాహ్నం 2:20

దానికి తోడు నికొలస్ ఆఫ్ ఒత్రకూర్ అని పద్నాలుగో శతాబ్దంలో ఇంకో తత్వవేత్త ఉన్నాడు. నికొలస్ ఒరేమ్ కూడా ఆ కాలంవాడే. ఇండెక్స్ చేసేవాళ్ల మీద జాలి చూపండి.

చాయ్_బిస్కట్ · సాయంత్రం 4:48

నేను ఫిలాసఫీ మనిషిని కాను, సైన్స్ చరిత్ర చదువుతుంటాను. అక్కడ ఈయన ఎప్పుడూ కుసానస్సే. భూమి విశ్వానికి కేంద్రం కాదని, విశ్వానికి అంచు లేదని 1440లో రాశాడు, కోపర్నికస్ పుట్టడానికి ముప్పై ఏళ్ల ముందు. లెక్కలు కట్టి కాదు, తర్కంతో. కెప్లర్ 1596 నాటి పుస్తకంలో "దివ్యుడు కుసానుస్" అన్నాడు. బ్రూనో ఇటాలియన్‌లో కుసానో అన్నాడు. చంద్రుడి ఉత్తర ధ్రువం వైపు ఉన్న గొయ్యికి పెట్టిన పేరూ కుసానస్సే.

కానీ దేకార్త్ 1647లో ఒక ఉత్తరంలో "కార్డినల్ ద కూసా" అని రాశాడు. గమనించండి, ఆయన కూడా ముందు కార్డినల్ అనే మాట తగిలించాడు. ఉత్త కూసా అనలేదు.

గోదారిగట్టు · సాయంత్రం 5:20

సరే, ఓడిపోయాను. అయినా చివరిగా ఒక ఫిర్యాదు. కుసానస్ అంటే చదివేవాడికి ఎవరో రోమన్ చక్రవర్తి అనిపిస్తుంది. నికొలస్ ఆఫ్ కూసా, కుసానస్ ఇద్దరూ ఒకరేనని నాకే నిన్నటిదాకా తెలీదు. స్కాలర్‌గారు జర్నల్‌కి కాకుండా మామూలు మేగజైన్‌కి రాస్తుంటే అప్పుడూ కుసానస్సేనా?

పాత_ప్రూఫ్‌రీడర్ · సాయంత్రం 5:41

కాదు. నేనైతే మామూలు పాఠకులకి ప్రతి పేరాలో మొదటిసారి నికొలస్ ఆఫ్ కూసా అని పూర్తిగా వేసి, తర్వాత "ఆయన", "కార్డినల్" అని నడిపిస్తాను. పోప్ లేని చోట నికొలస్ అన్నా ఏం పోదు. ఇంగ్లిష్ అనువాదాల అట్టల మీద నికొలస్ ఆఫ్ కూసా అనే ఉంటుంది. లోపల చర్చించేటప్పుడు పండితులు కుసానస్‌కి మారతారు. అమెరికాలో వాళ్ల సంఘం పేరే కుసానస్ సొసైటీ. ఆయన ఆలోచనకి విశేషణం కావాలంటే ఇంగ్లిష్‌లో "కూసన్" ఉంది.

నిజామాబాద్_పిల్లోడు · రాత్రి 8:03

మరి తెలుగుల రాస్తే ఎట్లనో ఎవ్వరూ చెప్తలేరు? "నికొలస్ ఆఫ్ కూసా" అని తెలుగుల రాసుడు నాకు నచ్చదు. నడుమ ఆ "ఆఫ్" ఏంది, పంటి కింద రాయి లెక్క. మన పద్ధతిల ఊరు ముందు, పేరు వెనక. బమ్మెర పోతన అంటే బమ్మెర ఊరి పోతన. తాళ్లపాక అన్నమయ్య అంటే తాళ్లపాక ఊరి అన్నమయ్య. గట్లనే కూసా నికొలస్. అయిపాయె!

పాత_ప్రూఫ్‌రీడర్ · రాత్రి 8:19

బాబూ, ఈ దారంలో ఇంతకన్నా మంచి మాట రాలేదు. పైగా మన అన్నమయ్య 1408లో పుట్టాడంటారు, ఈయన 1401. దాదాపు ఒక ఈడువాళ్లు. "తాళ్లపాక అన్నాడు" అని మనం ఏనాడైనా రాశామా? అన్నమయ్య అన్నాడు అనే రాస్తాం. పోతన అన్నాడు అంటాం గానీ బమ్మెర అన్నాడు అనం.

ఎండ్రకాయ · రాత్రి 8:26

చిన్న అభ్యంతరం. బమ్మెర, తాళ్లపాక ఊరిపేర్లే అయినా ఇంటిపేర్లయిపోయాయి, కొడుకులకీ మనవళ్లకీ దిగాయి. తాళ్లపాక చినతిరుమలయ్య కూడా తాళ్లపాకే. కూసా అలా ఎవరికీ దిగలేదు. ఇంటిపేరు కావాలంటే మళ్లీ నా దగ్గరికే రావాలి.

నిజామాబాద్_పిల్లోడు · రాత్రి 8:30

కార్డినల్‌కి పిల్లలు యాడికెళ్లి వస్తరన్నా, దిగనీకి?

లైబ్రరీ_అక్క · రాత్రి 8:34

😂 మోడరేటర్లూ, ఈ దారాన్ని పైన పిన్ చేయండి.

ఫ్రాంక్‌ఫర్ట్_బాబాయ్ · రాత్రి 9:10

తెలుగులో రాసేవాళ్లకి ఒక మాట. జర్మన్‌లో ఆ ఊరిపేరు రాతలో (Kues) ఇంగ్లిష్ "ఈ" అక్షరం ఉన్నా పలకరు. క్యూస్ కాదు, కువెస్ కాదు, కూస్. ఆ అక్షరం ముందున్న ఊకి దీర్ఘం ఇవ్వడానికే ఉంది. నేను మొదట బస్సు డ్రైవర్ని "కువెస్ వెళ్తుందా" అని అడిగితే రెండుసార్లు మళ్లీ చెప్పమన్నాడు.

నిద్రలేని_స్కాలర్ · మర్నాడు, రాత్రి 1:25

అందరికీ థాంక్యూ. పని అయింది, అనుకుంటున్నా. మొదటి ప్రస్తావనలో నికొలస్ ఆఫ్ కూసా, పక్కన 1401–1464. ఆ తర్వాత అన్నిచోట్లా కుసానస్. విశేషణం కావాల్సిన మూడు చోట్ల కూసన్. చివరి జాబితాలో ఎన్ అక్షరం కింద. పోప్‌ని మాత్రం అయిదో నికొలస్ అని పూర్తిగా రాశాను, పాపం పోప్‌గా ఆయనకి వేరే పేరు లేదు.

ఇప్పుడు జరిగింది వినండి. ఒక్కొక్కటీ మార్చడం ఎందుకని ఫైండ్ అండ్ రీప్లేస్ పెట్టాను. కూసా ఉన్నచోటల్లా కుసానస్ వెయ్యి అన్నాను. "రీప్లేస్ ఆల్" నొక్కాను. 114 చోట్ల మార్చానంది. పేపర్లో అన్నిసార్లు ఆయన్ని తలుచుకున్నానా అనుకుంటూ పైకి వెళ్లి చూస్తే మొదటి లైన్లోనే "నికొలస్ ఆఫ్ కుసానస్". సరే, అది నా పొరపాటే. నేను వేరేవాళ్ల మాటలు ఉటంకించిన చోట వాళ్లు ముందే కుసానస్ అని రాశారు కదా, అందులోనూ మొదటి నాలుగక్షరాలు కూసానే. అవన్నీ "కుసానస్‌నస్" అయ్యాయి.

అంతటితో ఆగలేదు. 1460లో టిరోల్ డ్యూక్ సిగిస్మండ్ ఈయన్ని బంధించిన గొడవ గురించి ఒక పేరా ఉంది. అందులో ఇద్దరూ ఒకరి మీద ఒకరు చేసుకున్న ఆరోపణలకి ఇంగ్లిష్‌లో "అక్యుజేషన్" అనే మాట వాడాను. ఆ మాట స్పెల్లింగ్ ఒకసారి కాగితం మీద రాసి, నడిమధ్యలో ఏముందో చూడండి.

గోదారిగట్టు · రాత్రి 1:31

చూశాను. ఇంకో పది నిమిషాలు నవ్వుతాను, తర్వాత మాట్లాడతా.

లైబ్రరీ_అక్క · ఉదయం 6:55

కంట్రోల్ జెడ్ నొక్కారా లేదా? ముందు అది చెప్పండి.

నిద్రలేని_స్కాలర్ · ఉదయం 7:02

సేవ్ చేసి మూసేశానక్కా. చేత్తో దిద్దుతున్నాను. 61వ దాని దగ్గరున్నాను.